పక్కకు నడిచే చక్రాలు, మన గచ్చులు: మీ ప్రశ్నలకు జవాబులు

పోయిన నెల ఈ పేజీలో మెకానమ్, ఆమ్నీ చక్రాల గురించి రాశాక చాలా ఉత్తరాలు వచ్చాయి. ఎక్కువమంది అడిగింది ఒకటే. ఇక్కడ బాగా నడిచిన రోబో అక్కడికి తీసుకెళ్తే ఎందుకు నడవలేదు అని. అందుకే ఈసారి అచ్చంగా నేల గురించే మాట్లాడుకుందాం. పోయిన సంచిక చూడనివాళ్ల కోసం రెండు ముక్కలు: ఈ రెండు రకాల చక్రాల అంచు చుట్టూ చిన్న చిన్న రోలర్లు ఉంటాయి. ఆమ్నీ చక్రంలో అవి దండలో పూసల్లా అంచు వెంబడి ఉంటాయి, చక్రాన్ని పక్కకు తోస్తే దొర్లుతాయి. మెకానమ్‌లో అవే రోలర్లు 45 డిగ్రీల ఏటవాలుగా ఉంటాయి, నాలుగు చక్రాలనూ వేర్వేరుగా తిప్పితే బండి ముఖం తిప్పకుండానే ముందుకు, వెనక్కు, పక్కకు, ఐమూలగా ఎటైనా పోతుంది.

ప్రశ్న: మేం మెకానికల్ మూడో సంవత్సరం. నాలుగు మెకానమ్ చక్రాలతో రోబో చేశాం. ల్యాబ్‌లో గచ్చు మీద గీత గీసినట్టు పక్కకు వెళ్లేది. పోటీ రోజు ఆడిటోరియంలో కార్పెట్ మీద పెడితే అదే ప్రోగ్రాం, అదే బ్యాటరీ, కానీ వెళ్లాల్సినంత దూరం వెళ్లలేదు, పైగా మెల్లగా ఒకవైపుకి తిరిగిపోయింది. ప్రోగ్రాంలో తప్పుందా?
(ఇంజనీరింగ్ విద్యార్థి, కాకినాడ)

జవాబు: తమ్ముడూ, ప్రోగ్రాం జోలికి వెళ్లేముందు రోబోని తిరగేసి ఒక్క రోలర్‌ని వేలితో తిప్పి చూడండి. మీ చక్రం 100 మిల్లీమీటర్లది అనుకుందాం. ముందుకు నడిచేటప్పుడు నేలకి అది 100 మిల్లీమీటర్ల చక్రమే. పక్కకు నడిచేటప్పుడు మాత్రం బరువంతా దొర్లేది ఆ రోలర్ మీద, దాని లావు మహా అయితే 20, 25 మిల్లీమీటర్లు. రైల్వే ప్లాట్‌ఫారం మీద సూట్‌కేసు లాక్కెళ్తుంటే నున్నటి చోట హాయిగా వస్తుంది, గరుకు పలకల మీదకి రాగానే చెయ్యి లాగేస్తుంది, ఇసుక తగిలితే చక్రం తిరగడం మానేసి ఈడ్చుకుంటూ వస్తుంది, అదే ఇసుకలో సైకిల్ ఎలాగోలా దాటేస్తుంది. మీ రోబో ముందుకు సైకిల్‌లా, పక్కకు సూట్‌కేసులా నడుస్తోందన్నమాట. నాలుగైదు మిల్లీమీటర్ల కార్పెట్ నూగు పెద్ద చక్రానికి లెక్కలోది కాదు, రోలర్‌కి మాత్రం అది బురద.

రోలర్ సరిగ్గా దొర్లకపోతే ఏమవుతుందో చూడండి. పక్కకు వెళ్లేటప్పుడు ఒకే వైపున్న ముందు చక్రం, వెనక చక్రం ఎదురెదురు దిశల్లో తిరుగుతాయి. రోలర్లు స్వేచ్ఛగా దొర్లితేనే ఆ పోట్లాటలోంచి పక్కకు తోసే బలం మిగులుతుంది. రోలర్ కార్పెట్‌లో కూరుకుని మొండికేస్తే చక్రం మామూలు చక్రంలా ప్రవర్తించడం మొదలుపెడుతుంది, అప్పుడు ఒకటి ముందుకి, ఒకటి వెనక్కి లాగి, మధ్యలో నేలని గీరుతూ ఉంటాయి. మోటార్ కరెంటు పెరుగుతుంది, బండి కదలదు. ఎన్‌కోడర్‌ని నమ్ముకుని ఉంటే అది ఇంకో దెబ్బ, ఎందుకంటే ఎన్‌కోడర్ లెక్కపెట్టేది చక్రం ఎన్ని చుట్లు తిరిగిందనే గానీ బండి ఎంత దూరం కదిలిందని కాదు. చక్రం జారినా దానికి దూరం వెళ్లినట్టే.

ఇంకో విషయం చాలామంది పట్టించుకోరు. రోలర్ తన ఇరుసు చుట్టూ దొర్లుతుంది కాబట్టి నేల దాన్ని తోయగలిగేది ఇరుసు వెంబడి మాత్రమే, అంటే 45 డిగ్రీల ఏటవాలుగా. ముందుకు 10 న్యూటన్ల తోపు కావాలంటే నేల దగ్గర ఆ చక్రం సుమారు 14 న్యూటన్ల పట్టు అడుగుతుంది, మిగిలిన భాగం పక్క చక్రంతో కొట్లాడి రద్దయిపోతుంది. అంటే అదే రబ్బరు, అదే బరువు, అదే నేల ఉన్నా మామూలు చక్రం ఇచ్చే తోపులో దాదాపు 70 శాతం దగ్గరే మెకానమ్ జారడం మొదలవుతుంది. మీ ల్యాబ్ గచ్చు మీద కూడా దుమ్ము పడ్డ రోజు ఇది కనిపించే ఉంటుంది, మీరు గమనించి ఉండరు.

ఇక తిరిగిపోవడం సంగతి. బ్యాటరీ ఎక్కడ పెట్టారు? వెనక పెట్టి ఉంటారని నా అనుమానం. బరువు వెనక ఉంటే వెనక చక్రాలు కార్పెట్‌లో ఎక్కువ కూరుకుంటాయి, ముందు చక్రాలు తేలిగ్గా ఉండి జారతాయి, ముందు జంట ఒక వేగంతో, వెనక జంట ఇంకో వేగంతో పక్కకు వెళ్తే బండి తిరగక ఏం చేస్తుంది? దానికి తోడు కార్పెట్‌కి వాలు ఉంటుంది. అరచేత్తో ఒకవైపుకి నిమిరితే నున్నగా, ఎదురు నిమిరితే గరుగ్గా తగులుతుంది చూడండి, అదే. ఆ నూగు వాలు వల్ల కుడికి వెళ్లే దూరం, ఎడమకి వెళ్లే దూరం ఒకలా ఉండకపోవచ్చు.

ఏం చేయాలి? ముందు ఆ కార్పెట్ ముక్క సంపాదించండి. ఆడిటోరియాల్లో పరిచేది చాలాచోట్ల టెంట్ హౌస్ కార్పెట్టే, ఒక్కరోజు అద్దెకు అడిగితే ఇస్తారు. దాని మీద 2 మీటర్ల దూరానికి రెండు టేపు ముక్కలు అంటించి రోబోని కుడికి ఐదుసార్లు, ఎడమకి ఐదుసార్లు నడిపి ఎంత వెళ్లిందో రాసుకోండి. 2 మీటర్లు చెబితే 1.7 మీటర్లే వెళ్తోందనుకోండి, మీ పక్క దూరాన్ని 0.85తో భాగించాలి, కుడికీ ఎడమకీ విడివిడిగా. ఈ తరహా రోబోలు చేసే టీములు పక్కవైపు విలువని మొదట 1.1తో గుణించి అక్కడినుంచి సరిచేసుకోవడం మామూలే, కానీ ఆ 1.1 మీ నేలకి సరిపోతుందని ఎక్కడా రాసిలేదు, కొలుచుకోవాల్సిందే. బ్యాటరీని నడిమధ్యకి జరపండి, తలతిప్పుడు పట్టుకోవడానికి ఒక గైరో సెన్సర్ పెట్టండి, ఒక్కసారిగా ఫుల్ స్పీడ్ ఇవ్వకుండా మెల్లగా పెంచండి. ఇవన్నీ చేశాక కూడా తిరుగుతుంటే అప్పుడు ప్రోగ్రాం చూద్దాం.

ప్రశ్న: మా అబ్బాయి తొమ్మిదో తరగతి. పుట్టినరోజుకి అడిగితే మెకానమ్ చక్రాల కిట్ కొనిచ్చాం, చిన్న ప్లాస్టిక్ చక్రాలు, పసుపు రంగు మోటార్లు. హాల్లో టైల్స్ మీద జర్రున జారుతూ వంకరగా పోతోంది, గుమ్మం దగ్గర పట్టా మీదకి రాగానే ఆగిపోతోంది. షాపులో అడిగితే ఖరీదైన చక్రాలు వేయించమంటున్నారు. వాడు రోజూ దాని ముందే కూర్చుని దిగులు పడుతున్నాడు.
(ఒక తల్లి, హనుమకొండ)

జవాబు: అమ్మా, కొత్త చక్రాలు ఇప్పుడే కొనకండి. ఆ డబ్బు అలా ఉంచండి.

పట్టా సంగతి ముందు తేల్చేద్దాం. ఆ చక్రాల మీద రోలర్లు మీ చిటికెన వేలంత లావు ఉంటాయి. పట్టా పీచు అంతకంటే బలమైనది. ఖరీదైన చక్రం వేసినా పట్టా మీద పక్కకు నడవడం కష్టమే, అబ్బాయికి అది తన తప్పు కాదని చెప్పండి.

టైల్స్ మీద జారడానికి మాత్రం మందు ఉంది. మన ఇళ్లలో విట్రిఫైడ్ టైల్స్ అద్దంలా మెరుస్తాయి, వాటిని సబ్బు కలిపిన నీళ్లతో తుడుస్తాం, తుడిచాక సన్నటి పొర ఒకటి మిగిలిపోతుంది, దాని మీద దుమ్ము కూర్చుంటుంది. మనిషి కాలికి తెలియదు, గట్టి ప్లాస్టిక్ రోలర్‌కి బాగా తెలుస్తుంది. ఒక నాలుగు టైల్స్ మేర ఉత్త నీళ్లతో తుడిచి, పొడిగుడ్డతో ఆరబెట్టి, రోలర్లని కూడా తడిగుడ్డతో ఒక్కొక్కటే తుడిచి మళ్లీ నడపమనండి. తేడా కనిపిస్తుంది.

తర్వాత పేపర్ పరీక్ష. దినపత్రికని రెండు వేళ్ల వెడల్పున చీల్చి, బండిని కదలకుండా ఉంచి, ఒక్కో చక్రం కింద దూర్చి లాగమనండి. మూడు చక్రాల కింద బిగుతుగా ఉండి నాలుగోదాని కింద సులువుగా వచ్చేస్తే ఆ చక్రం గాల్లో ఉన్నట్టే. ఇలాంటి కిట్లలో అడుగుపలక అక్రిలిక్‌ది, ఒక మూల స్క్రూ ఎక్కువ బిగిస్తే పలక మెలితిరిగిపోతుంది. మెకానమ్‌కి నాలుగు చక్రాలూ నేలకి ఆనాలి, ఒక్కటి తేలినా దారి వంకర పోతుంది. ఆ స్క్రూలన్నీ వదులు చేసి, బండిని చదునైన చోట పెట్టి మళ్లీ కొంచెం కొంచెంగా బిగించమనండి.

ఇంకొకటి. పైనుంచి చూస్తే నాలుగు చక్రాల మీది రోలర్లు కలిసి ఇంటూ గుర్తులా కనబడాలి, అన్నీ బండి నడిమధ్యకి చూపిస్తున్నట్టు. కుడి చక్రం ఎడమవైపు పెట్టేయడం చాలా మామూలు పొరపాటు, అప్పుడు ఏ నేల మీదా సరిగ్గా నడవదు.

ఇవి అయ్యాక ఒక ఆట చెప్తాను, ఇది నాకు చాలా ఇష్టం. ఇంట్లో నల్లటి కడప రాయి గానీ నల్ల గ్రానైట్ గానీ ఉంటే, వంటింటి గట్టు అయినా సరే, కాస్త ముగ్గు పిండిని టీ జల్లెడతో పలచగా జల్లండి, రాయి రంగు కిందనుంచి కనబడుతూ ఉండాలి. దాని మీద బండిని నెమ్మదిగా ముందుకు నడిపితే ప్రతి రోలర్ ఒక ఏటవాలు గీత వేసుకుంటూ పోతుంది, వరసగా, చీపురు పుల్లలు పేర్చినట్టు. నేలకి ఆనని చక్రం వైపు గీతలు సగం సగం పడతాయి, లేదా పడవు. ఇప్పుడు పక్కకు నడిపి చూడండి. దొర్లిన చోట గీత అంచు శుభ్రంగా ఉంటుంది, జారిన చోట పిండి పక్కకు నెట్టుకుపోయి మసక మరక అవుతుంది. ఏ చక్రం, ఏ క్షణాన జారిందో వాడే వేలుపెట్టి చూపిస్తాడు. అయిపోయాక రోలర్ల సందుల్లో పిండిని పాత టూత్‌బ్రష్‌తో దులిపేయాలి, అక్కడ వదిలేస్తే ఇరుసులు పట్టేస్తాయి.

ప్రశ్న: శ్రీసిటీ దగ్గర ఒక ఫ్యాక్టరీలో మెయింటెనెన్స్‌లో పనిచేస్తాను. గోడౌన్‌లో సామాను మోయడానికి మెకానమ్ చక్రాల బండ్లు తెప్పిద్దామని మేనేజ్‌మెంట్ అంటోంది. మా నేల కాంక్రీటు, సగం భాగంలో ఎపాక్సీ అనే గట్టి రెసిన్ పూత వేశారు, ప్రతి కొన్ని మీటర్లకీ జాయింట్ గీతలున్నాయి. ఆగుతాయా?
(మెయింటెనెన్స్ ఉద్యోగి, తిరుపతి జిల్లా)

జవాబు: సార్, నేల సంగతి కొనకముందే అడిగినందుకు సంతోషం. మెకానమ్ చక్రం పుట్టిందే బరువులు మోసే బండి కోసం. బెంగ్ట్ ఇలోన్ అనే స్వీడన్ ఇంజనీరు 1970ల్లో దీన్ని రూపొందించారు, ఆయన పనిచేసిన కంపెనీ పేరే మెకానమ్, చక్రానికి ఆ పేరే స్థిరపడింది. ఇవాళ కూకా కంపెనీ ఆమ్నీమూవ్ బండ్లు ఇవే చక్రాల మీద పదుల టన్నుల బరువున్న విమాన భాగాలను జరుపుతున్నాయి. కాబట్టి బరువు మోయలేవన్న భయం వద్దు. కానీ ఆ బండ్లు తిరిగే హాళ్లు ఎలా ఉంటాయో చూడండి, చదునుగా, గట్టిగా, ఊడ్చి తుడిచి ఉంటాయి.

మీ దగ్గర నేను మూడు చోట్ల ఆగి చూస్తాను. మొదటిది ఆ జాయింట్ గీతలు. పెద్ద చక్రం గీతని తిన్నగా దాటితే ఒక చిన్న కుదుపు. అదే గీతని పక్కకు నడుస్తూ దాటితే రోలర్ అంచు అందులో పడుతుంది, బరువు బండి అయితే రోజుకి వందసార్లు అలా పడి గీత అంచు చిట్లుతుంది, చిట్లిన అంచు రోలర్‌ని కోస్తుంది, అలా ఒకదాన్ని ఒకటి తినేస్తూ ఉంటాయి. గీతలను గట్టి ఫిల్లర్‌తో నింపి సమం చేయించకుండా బండి దించొద్దు. రెండోది ఎపాక్సీ. మామూలు చక్రం బరువు వెడల్పుగా ఆనుతుంది, మెకానమ్‌లో ఒకటి రెండు రోలర్ల మీద చిన్న జాగాలో ఆనుతుంది, పైగా ఇందాక చెప్పినట్టు నేలని ఏటవాలుగా తోస్తూ ఉంటుంది. కింద కాంక్రీటుకి సరిగ్గా అతుక్కోని ఎపాక్సీ పొర అయితే పెచ్చులు లేస్తుంది. మూడోది చెత్త. ప్యాకింగ్ ప్లాస్టిక్ పట్టీల ముక్కలు, చెక్క పేళ్లు, సాగే ఫిల్మ్ చుట్టలు, గోడౌన్లో ఇవి లేని రోజుండదు, ఇవి రోలర్ సందులో చుట్టుకుంటే ఆ రోలర్ ఇక దొర్లదు, ఒకవైపే అరిగి బల్లపరుపు అవుతుంది. నూనె ఒలికిన చోట సరేసరి, ఆగమంటే ఆగదు.

ఇంకో మాట, మీ మేనేజ్‌మెంట్‌కి ఇది చెప్పండి. బండి పొడుగాటి దారిలో తిన్నగా వెళ్లి, చివర తిరిగి రావడమే పని అయితే మెకానమ్ అవసరమే లేదు. అమెజాన్ గోడౌన్లలో తిరిగే కివా తరహా రోబోలు రెండు మోటారు చక్రాలు, చుట్టూ చిన్న సహాయ చక్రాలతోనే అరలకు అరలు మోసుకెళ్తాయి, ఉన్నచోటే తిరుగుతాయి. పక్కకు జరగాల్సిన అవసరం నిజంగా ఎక్కడుంటుందంటే ఇరుకు చోట మెషిన్ పక్కన అంగుళం తేడా లేకుండా ఆనించాల్సి వచ్చినప్పుడు. ఆ ఒక్క చోటికి మెకానమ్ పెట్టుకుని, మిగతా గోడౌన్‌కి మామూలు చక్రాలు పెట్టుకోవడం నా సలహా.

ప్రశ్న: వ్యవసాయ పొలంలో మొక్కల వరసల మధ్య తిరిగే రోబోకి మెకానమ్ పెడితే మలుపులో ఇబ్బంది ఉండదు కదా?
(అగ్రికల్చర్ ఇంజనీరింగ్ విద్యార్థి, బాపట్ల)

జవాబు: పెట్టొద్దమ్మా. మట్టి రోలర్ల సందుల్లోకి వెళ్తుంది, తడి ఆరగానే గట్టిపడుతుంది, ఆ తర్వాత అది వంకర గాడులున్న బరువైన మామూలు చక్రం, అంతకంటే ఏమీ కాదు. మెత్తటి నేలలో పక్కకు వెళ్లేటప్పుడు రోలర్ దొర్లడానికి బదులు మట్టిని బుల్డోజర్‌లా తోస్తుంది. పెద్ద గాడుల టైర్లు పెట్టి, నాలుగు చక్రాలూ విడివిడిగా స్టీరింగ్ తిరిగేలా చేస్తే మలుపు సమస్య అలాగే తీరుతుంది. కష్టమైన పనే, కానీ పొలంలో నిలిచేది అదే.

ప్రశ్న: మా డిప్లొమా బ్యాచ్ రోబోకాన్ లాంటి పోటీకి తయారవుతోంది. మూడు ఆమ్నీ చక్రాలా, నాలుగు మెకానమ్ చక్రాలా అని టీంలో రెండు వర్గాలయ్యాం. ఏ నేలకి ఏది మంచిది?
(పాలిటెక్నిక్ విద్యార్థి, హైదరాబాద్)

జవాబు: రెండు వర్గాలూ ఒక్కచోట కూర్చుని ముందు పోటీ నియమాల్లో నేల గురించిన పేజీ చదవండి. ఆ పేజీని ఆఖరున చదివే టీముల్ని చాలా చూశాను, మనసు కష్టపడుతుంది. ఆసియా పసిఫిక్ దేశాల విద్యార్థుల రోబో పోటీ అయిన ఏబీయూ రోబోకాన్ 2002లో టోక్యోలో మొదలైంది, 2008లో, 2014లో మన పుణేలోనే జరిగింది, ప్రతి ఏడూ ఆట మారుతుంది, ఆటతో పాటు మైదానం మారుతుంది. పోయినేడు గెలిచిన చక్రం ఈ ఏడు గెలుస్తుందని లేదు.

ముక్కాలి పీట ఏ నేల మీద వేసినా ఊగదు. నాలుగు కాళ్ల మంచం ఊగుతుంది, అందుకే కోడు కింద చెక్కముక్క పెడతాం. మూడు ఆమ్నీ చక్రాల బండి ముక్కాలి పీట, నేల ఎత్తుపల్లాలుగా ఉన్నా మూడూ ఆనుతాయి. పాతకాలపు షాబాద్ బండల గచ్చు, అతుకులు పొసగని ప్లైవుడ్, ఇలాంటిచోట దీనికి పెద్ద సుఖం. కష్టం ఎక్కడంటే తోపుబలంలో. ఒక దిశలో వెళ్తుంటే ఒక్కోసారి రెండు చక్రాలే పనిచేస్తాయి, మూడోది ఊరికే దొర్లుతుంది. అదీ కాక పొడుగాటి రోబో అయితే మూడు కాళ్ల మీద ఒరిగే ప్రమాదం ఎక్కువ.

ఆమ్నీ చక్రం కొనేటప్పుడు పక్కనుంచి కాకుండా అంచు వైపునుంచి చూడండి. ఒకే వరస రోలర్లుంటే రోలర్‌కీ రోలర్‌కీ మధ్య ఖాళీ వస్తుంది, గట్టి నేల మీద ఆ ఖాళీ దగ్గర టకటకమని కొట్టుకుంటూ పోతుంది. రెండు వరసలు ఒకదాని ఖాళీలో ఇంకొకటి వచ్చేలా ఉంటే చాలా నయం, అప్పుడు కూడా బరువు లోపలి వరసనుంచి బయటి వరసకి మారుతూ ఉంటుంది కాబట్టి సన్నటి వణుకు ఉంటుంది. బండి మీద కెమెరా పెడుతున్నారా, అయితే ఈ వణుకు టైల్స్ మీద మిమ్మల్ని ఏడిపిస్తుంది, ఫోమ్ మీద అసలు తెలియదు. ఈ చక్రం ఆలోచన కొత్తదేం కాదు, గ్రబోవియెట్స్కీ అనే ఆయనకి 1919లోనే అమెరికాలో పేటెంట్ వచ్చింది, నూరేళ్లు దాటినా ఈ వణుకు పూర్తిగా పోలేదు.

రోబోకప్‌లో చిన్న రోబోలు ఫుట్‌బాల్ ఆడతాయి, వాటిలో స్మాల్ సైజ్ లీగ్ రోబోలు 18 సెంటీమీటర్ల వ్యాసంలో ఇమడాలి, చాలావరకు నాలుగు ఆమ్నీ చక్రాలతో పచ్చ కార్పెట్ మీద పరుగెడతాయి. అక్కడ టీములకి పెద్ద తలనొప్పి కార్పెట్ నూగే. బుల్లి బుల్లి రోలర్ల ఇరుసులకి నూగు చుట్టుకుపోతుంది, మ్యాచ్‌కీ మ్యాచ్‌కీ మధ్య కూర్చుని పీకాల్సిందే. కార్పెట్ మైదానం అయితే మీరూ ఆ పనికి ఒక మనిషిని ఇప్పుడే కేటాయించుకోండి.

మెకానమ్ వర్గం వాళ్లకి ఒక మాట. మీరు గెలవాలంటే ముందువైపు రెండు చక్రాలున్న ఇరుసుని మధ్యలో ఒక బోల్టు మీద ఊగేలా బిగించండి, ఎడ్లబండి కాడి ఊగినట్టు అటూ ఇటూ ఒరగాలి. అప్పుడు నాలుగు చక్రాల బండి కూడా మూడు చోట్ల ఆనిన పీటలా నేలకి సర్దుకుంటుంది. స్ప్రింగుల కంటే చవక, పాడయ్యేదీ తక్కువ.

మీ పోటీలో నేల మీద ప్రింటు వేసిన ఫ్లెక్స్ పరుస్తున్నారా? అయితే ఇది జాగ్రత్తగా వినండి. చాలా ఏళ్ల కిందట మా సొంత రోబోని ఒక పోటీలో ఫ్లెక్స్ మీద పక్కకు నడిపిస్తే, మూడో ట్రిప్పుకి బండి కింద ఫ్లెక్స్ ముడతలు పడి లేచింది, ముడతమీద ఒక చక్రం ఎక్కింది, ఎదురు చక్రం తేలింది, బండి అక్కడే గిరగిరా తిరిగింది. మోటార్ పాడైందనుకున్నాం. తర్వాత అర్థమైంది, ముందు చక్రం ముందుకి, వెనక చక్రం వెనక్కి తిరుగుతూ మధ్యలో ఉన్న వదులు ఫ్లెక్స్‌ని గుడ్డ పిండినట్టు పిండాయి. ఇటువైపు చక్రాలు దగ్గరికి లాగితే అటువైపువి దూరంగా లాగుతాయి. నేల కదలకపోతే ఆ బలాలు ఒకదాన్నొకటి రద్దు చేసుకుంటాయి, నేలే కదిలేదైతే ముడత వస్తుంది. కాబట్టి ఫ్లెక్స్ అంచులకే కాదు, మధ్య మధ్యలో కూడా కింద రెండువైపులా అంటుకునే టేపు వేయమని నిర్వాహకులని ముందే అడగండి. వాళ్లు కాదంటే పక్కకు వెళ్లే వేగం సగానికి తగ్గించండి, లేదా ఆమ్నీకి మారండి, అక్కడ ఈ పిండడం ఇంత ఉండదు.

ప్రశ్న: మేం టెక్సాస్‌లో ఉంటాం. మా అమ్మాయి వాళ్ల టీం ఎఫ్‌టీసీ (ఫస్ట్ టెక్ ఛాలెంజ్ అనే స్కూలు పిల్లల రోబో పోటీ) పోటీలకి వెళ్తోంది. ఇంట్లో గ్యారేజీ కాంక్రీటు మీద ప్రాక్టీస్ చేస్తే అంతా బాగుంటుంది, పోటీ ఫోమ్ టైల్స్ మీద ఆటోమేటిక్ భాగంలో రోబో ప్రతిసారీ ఒక అరచెయ్యంత పక్కన ఆగుతోంది. పాపకి చాలా టెన్షన్‌గా ఉంది.
(ఒక తండ్రి, ఫ్రిస్కో)

జవాబు: కాంక్రీటు మీద ప్రాక్టీస్ చేసి ఫోమ్ మీద ఆడటం అంటే రోడ్డు మీద పరుగు నేర్చుకుని ఇసుకలో పందేనికి వెళ్లడమే అండీ. ఆ మైదానం 12 అడుగుల చదరం, 2 అడుగుల మెత్తటి పలకలు 36 కలిపి పేరుస్తారు. అన్నీ కొననక్కర్లేదు, ఆరు పలకలు కొనండి, రెండు వరసలుగా పేర్చుకుంటే పక్కకు నడిచే కొలతలన్నీ తీసుకోవచ్చు.

ఫోమ్ మీద పట్టు బాగుంటుంది, జారడం తక్కువ, అది లాభం. నష్టం ఏమిటంటే చక్రం బరువుకి నేల నొక్కుకుంటుంది, చక్రం కొంచెం లోపలికి దిగుతుంది, అందువల్ల ఒక చుట్టుకి వెళ్లే దూరం కాగితం మీద లెక్క వేసినట్టు రాదు. రోబో బరువు పెరిగిన కొద్దీ ఇది మారుతుంది. చాలామంది పిల్లలు ముందు కొలతలు తీసి, ఆ తర్వాత పైన చెయ్యి, లిఫ్టు బిగిస్తారు, అప్పుడు ఆ కొలతలు పనికిరావు. మొత్తం బిగించాకే, నిండు బ్యాటరీతో, చివరగా కొలవమనండి. పలకల అతుకుల దగ్గర పళ్లు సరిగ్గా కూర్చోకపోతే చిన్న గట్టు వస్తుంది, రోలర్ దాన్ని పక్కనుంచి ఎక్కితే బండి రెండు మూడు డిగ్రీలు తిరిగినా చాలు, మైదానం అవతలికి వెళ్లేసరికి అది అరచెయ్యి అవుతుంది.

దీనికి అసలైన ఉపాయం, మోటార్‌కి తగిలించని చిన్న ఆమ్నీ చక్రాలు రెండు మూడు పెట్టి, వాటికి ఎన్‌కోడర్లు బిగించి, స్ప్రింగుతో నేలకి ఆనేలా నొక్కి ఉంచడం. వాటి మీద తోపు ఉండదు కాబట్టి మోటార్ చక్రాలు జారినా ఇవి జారవు, బండి నిజంగా ఎంత కదిలిందో చెబుతాయి. స్ప్రింగు మరీ గట్టిగా ఉండకూడదు, బండి బరువుని ఇవే మోసేస్తే మోటార్ చక్రాల పట్టు తగ్గుతుంది. ప్రతి మ్యాచ్‌కి ముందు టీంలో ఒకరు రోలర్లని తడిగుడ్డతో తుడవడం అలవాటు చేసుకోవాలి, ఎందుకంటే రోజంతా బూట్లతో తొక్కిన ఫోమ్ సాయంత్రానికి పొద్దున ఉన్న ఫోమ్ కాదు. పాపకి చెప్పండి, అరచెయ్యి తేడా కొలిచి సరిచేయగలిగిందే.

ప్రశ్న: రోలర్లు పట్టేస్తుంటే కుట్టు మిషన్ నూనె వేయొచ్చా?
(రోబోటిక్స్ క్లబ్ సభ్యుడు, విజయవాడ)

జవాబు: వద్దు. నూనె రెండు రోజుల్లో దుమ్మునంతా పిలిచి ముద్ద చేస్తుంది, మూడో రోజు రోలర్ మీదనుంచి నేలమీదకి జారి మొత్తం పట్టు పోగొడుతుంది. రబ్బరు రోలర్లయితే కొన్ని రకాల రబ్బరుని ఉబ్బిస్తుంది కూడా.

ముందు పట్టేసిన రోలర్‌ని వెలుగు కిందకి తీసుకెళ్లి దాని చివర చూడండి. నూటికి తొంభైసార్లు అక్కడ ఒక వెంట్రుక ఉంటుంది. ఇంట్లో ఊడ్చని మూల తిరిగి వచ్చిన బండి అయితే వెంట్రుకలు, దారప్పోగులు కలిసి ఇరుసుకి ఉంగరంలా బిగుసుకుని, రోలర్‌కీ రేకుకీ మధ్య సందులో నల్లగా కనిపిస్తాయి. లాగితే తెగిపోయి లోపలే ఉండిపోతాయి. సన్నటి బ్లేడుతో ఇరుసు వెంబడి ఒక్క గాటు పెట్టి, పట్టకారుతో ఒక కొస పట్టుకుని రోలర్‌ని వెనక్కి తిప్పుతూ పోతే చుట్ట చుట్టగా బయటికి వస్తుంది. తర్వాత చక్రాన్ని చేత్తో పట్టుకుని ఒక్కో రోలర్‌ని ఊదండి. ఇత్తడి బుష్ ఉన్న మంచి రోలర్ నోటి ఊదుడుకే ఒక చుట్టు తిరుగుతుంది. తిరగని రోలర్ పక్కన మార్కర్‌తో చుక్క పెట్టుకోండి, వారం తర్వాత మళ్లీ అదే రోలర్ పట్టేస్తే దాని ఇరుసు వంగినట్టు, విప్పి మార్చాలి.